చుక్క కాలికి అయిన ఖర్చు

మా కుక్క చుక్కకు కుడి ముందుకాలు తీసేయక తప్పదని డాక్టరు చెప్పిననాటికి నెలాఖరు. మా ఖాతాలో ఉన్నది 18 వేలు. ఆపరేషన్, మత్తు, ఎక్స్‌రే, రక్తపరీక్షలు, ఒక రాత్రి ఆస్పత్రిలో ఉంచడం, మందులు అన్నీ కలిపి 50 వేల దాకా అవుతుందన్నారు. ఇంటికొచ్చాక మరో 10 వేలు పక్కన పెట్టుకోవాలని మేమే లెక్క వేసుకున్నాం. ఆ 60 వేలు ఎక్కడి నుంచి తేవాలన్నదానికంటే ముందు, ఆ కాలు తీయించడమే సరైన దారా అన్నది తేల్చుకోవాల్సి వచ్చింది.

మేడ్చల్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి పక్క సర్వీసు రోడ్డు మీద బైకు గుద్దింది దాన్ని. ఎముక విరగలేదని మొదట ఊపిరి పీల్చుకున్నాం. కానీ దెబ్బ భుజం లోపల, మెడ నుంచి కాలికి వెళ్ళే నరాల మీద పడింది. విరిగిన ఎముకకు ప్లేటు వేస్తే అతుక్కుంటుంది. మొదలంటా ఊడిన నరం మళ్ళీ అతకదు. డాక్టరు దాని కాలివేళ్ళ సందుల్లో గట్టిగా నొక్కినా చుక్క కనీసం తల తిప్పి చూడలేదు. స్పర్శ తిరిగొస్తుందేమో కొన్ని వారాలు చూద్దామన్నారు, చూశాం. ఈలోగా పాదం వెనక్కి మడత పడి నేల మీద ఈడ్చుకుపోయేది. పైచర్మం ఒరుసుకుని పుండు పడింది. స్పర్శ లేని కాలిని కొన్ని కుక్కలు తామే కొరుక్కుంటాయట. కట్టు మార్చిన ప్రతిసారీ 400, 500 అయ్యేది. ఆగి చూడటం ఖర్చు లేని పని అనుకుంటాం గానీ, గడువు పెట్టుకోకుండా ఆగితే ఆపరేషన్ డబ్బంతా కట్లకే పోతుంది, పుండు చీము పట్టితే కుక్కా దక్కదు. డాక్టరు చెప్పిన గడువు దాటి మేం ఒక్కరోజు కూడా ఆగలేదు.

కృత్రిమ కాలు పెట్టించమని తెలిసినవాళ్ళు వీడియోలు పంపారు. జైపూర్‌లో డాక్టర్ తపేశ్ మాథుర్ ఆవులకూ దూడలకూ ‘కృష్ణా లింబ్’ పేరుతో కాళ్ళు తయారుచేస్తున్నారు, గొప్ప పని. కానీ అది తొడగాలంటే కిందిభాగం పోయినా పైభాగం మిగలాలి, ఆ మిగిలినదాన్ని కదిపే శక్తి భుజానికి ఉండాలి. చుక్కకు భుజమే పనిచేయడం లేదు. ఇలాంటి కేసుల్లో రెక్క ఎముకతో సహా తీసేస్తారు. సగం కాలు వదిలితే కుక్క దాన్ని నేలకు ఆనించబోయి మళ్ళీ పుండు చేసుకుంటుంది. చక్రాల బండి కూడా వద్దన్నారు. ఒక్క కాలు పోయిన కుక్క మిగిలిన మూడింటి మీద నడవడం నేర్చుకుంటుంది. ఈ రెండూ కొననందువల్ల మిగిలిన డబ్బే తర్వాత ఇంటి ఏర్పాట్లకు పనికొచ్చింది.

ఇక డబ్బు. మాకు 2 లక్షల చిట్టీ ఉంది, నెలకు 10 వేలు, 20 నెలలు. అప్పటికి నాలుగో నెల. పాడుకుందామని మా ఆయన అన్నారు. ఆ నెల పాట ఎంతకు పోయిందో కనుక్కుంటే, చేతికొచ్చేది లక్షా 55 వేలు. 60 వేల అవసరానికి 45 వేలు వదులుకోవడమా? పైగా మిగిలిన 95 వేలు ఇంట్లో ఉంటే ఏదో ఒకదానికి కరిగిపోతుంది. క్రెడిట్ కార్డు గీకితే నెలకు మూడున్నర శాతం వడ్డీ. ఎనిమిది నెలల్లో తీర్చినా వడ్డీయే 9 వేలు దాటుతుంది. నా పేరున లక్ష రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, 7 శాతం మీద. దాన్ని రద్దు చేసుకోకుండా దాని మీదే ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకున్నాను, 8 శాతానికి. ఎనిమిది నెలల్లో తీరిపోయింది, వడ్డీ 2 వేలకు లోపే. డిపాజిట్ అలాగే ఉంది, చిట్టీ అలాగే నడిచింది. ఇంట్లో మూగజీవాలు ఉన్నవాళ్ళకు చిన్నదైనా ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉండాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

బిల్లు విషయంలో ఒక మాట. పశువైద్యుల చికిత్స సేవకు జీఎస్టీ లేదు, మందులకు ఉంటుంది. అంచనా కాగితం మీద రెండూ విడివిడిగా రాయించుకోండి. ఆదాయపు పన్నులో మాత్రం పెంపుడు జంతువు వైద్యానికి మినహాయింపేమీ రాదు. అంత పెట్టుకోలేనివాళ్ళు హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాలలో ముందుగా అడగండి. వీధికుక్క అయితే అమల అక్కినేని 1992లో మొదలుపెట్టిన బ్లూ క్రాస్ లాంటి సంస్థలు ఉన్నాయి.

“కుక్కకింత పైసలు పెడుతరా బిడ్డా?” అన్నది మా అత్తమ్మ. కోపంతో అన్న మాట కాదు, అప్పు అంటే ఆమెకున్న భయం. “అప్పు మన డబ్బు మీదనే అత్తమ్మా, బయటోళ్ళకు ఇచ్చేది లేదు” అని కాగితం చూపించాను. ఆపరేషన్ అయి చుక్క ఇంటికొచ్చిన సాయంత్రం టైల్స్ మీద జారి గడ్డం కొట్టుకోవడం చూసి, గోనెపట్టాలు ఉతికి గదంతా పరిచింది ఆమెనే. రబ్బరు మ్యాట్లు కొనాలంటే 6 వేలు చెప్పారు. మేం గోనెపట్టాలు జరగకుండా అడుగున వేసే జాలీ మాత్రమే కొన్నాం, 700.

ఖర్చు అక్కడే పెట్టాలి, నేల మీద. కుక్క తన బరువులో సుమారు 60 శాతం ముందుకాళ్ళ మీదే మోస్తుంది. ఒకటి పోతే ఆ భారంలో ఎక్కువ భాగం రెండోదాని మీద పడుతుంది. పాదం జారితే మిగిలిన భుజం కూడా దెబ్బతింటుంది. మొదటి రోజుల్లో రొమ్ము కింద తువ్వాలు వేసి పట్టుకుని బయటికి తీసుకెళ్ళేవాళ్ళం. కుట్లు విప్పేదాకా మెడకు కోన్. గోళ్ళు పెరగనివ్వలేదు. తిండిగిన్నె ఇటుకల మీద పెట్టాం, తల కిందికి వంచితే ముందుకు పడిపోతుంది కాబట్టి. నొప్పిమందు విషయంలో మాత్రం పైసా మిగుల్చుకోవాలని చూడకండి. లేని కాలు నొప్పి పెడుతున్నట్టు రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచి అరిచేది. నరాల నొప్పికి గాబాపెంటిన్ ఇచ్చాకే నిద్రపోయింది. మనం వేసుకునే ఐబుప్రొఫెన్ లాంటివి కుక్కకు విషం, డాక్టరు రాసిందే వేయాలి.

అన్నిటికంటే కష్టమైంది, రూపాయి ఖర్చు లేనిది, తిండి తగ్గించడం. జాలిపడి పెరుగన్నం ఇంకో ముద్ద పెట్టబుద్ధయ్యేది. మూడుకాళ్ళ కుక్క లావెక్కితే కీళ్ళు త్వరగా అరిగిపోతాయి. చేత్తో తడిమితే పక్కటెముకలు తెలియాలన్నారు డాక్టరు. ఇప్పుడు తెలుస్తున్నాయి. సెలవుల్లో శామీర్‌పేట చెరువు దాకా కారులో తీసుకెళ్తే కట్ట మీద కొంత దూరం గెంతుతూ పోతుంది, అలసిపోతే తానే కూర్చుంటుంది.

పెంపుడు కుక్కలకు బీమా మన దేశంలోనూ అమ్ముతున్నారు. అయితే పాలసీ తీసుకోకముందే ఉన్న జబ్బుకు, దెబ్బకు వర్తించదు, వయసు పరిమితి కూడా ఉంటుంది. చుక్కకు ఆ దారి మూసుకుపోయింది. అందుకే దాని కోసం నెలకు 500 రికరింగ్ డిపాజిట్ కడుతున్నాను, రేపు కీళ్ళ మందులకు. మీరు కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకుంటుంటే, టీకాల పుస్తకం తెరిచిన వారంలోనే దానికో ఆర్‌డీ తెరవండి, రెండు మూడు కంపెనీల బీమా నిబంధనలు చదవండి. హైవే పక్కన ఉండేవాళ్ళయితే ఇంటి గేటుకు గొళ్ళెం కూడా సరిచూసుకోండి.