పాఠం బయట పాఠాలు – 14: క్లాసు ఎవరిస్తారు?

పోయిన ఆదివారం పోస్టు కింద ఒక మిత్రుడు "మేడమ్, సెలవుల్లో ఏం చదువుతున్నారు?" అని అడిగారు. నిజం చెప్తాను, నవ్వకండి. ఏమీ చదవలేదు. వీడియో గేమ్ ఆడాను. ముప్పై ఏడేళ్ళొచ్చాక, తెలుగులో పీహెచ్‌డీ చేసి, రోజూ పిల్లలకి "ఫోన్లు లోపల పెట్టండి" అని చెప్పే నేను, నెల రోజులు రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని ఆడాను.

నేర్పింది మా మేనల్లుడు, అంటే మా అన్న కొడుకు. మా అన్న ఆటో నడుపుతాడు. వీడు హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి ఏడాదైంది. మొదటి జీతంతో వాళ్ళమ్మకి చీర, రెండో జీతంతో ఈఎంఐ మీద పెద్ద లాప్‌టాప్. ఎండాకాలం ఇంటినుంచే పని చేసుకోవచ్చన్నారని మా ఇంట్లో దిగాడు. పగలు ఆఫీసు పని, రాత్రి ఆట.

ఆ ఆట పేరు బాల్డర్స్ గేట్ 3. బెల్జియంలోని లారియన్ స్టూడియోస్ వాళ్ళు 2023లో విడుదల చేశారు. దాని వెనకున్న నియమాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత ఆటవి. అది కంప్యూటర్ ఆట కాదు. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని కాగితం, పెన్సిలు, పాచికలతో కథ చెప్పుకుంటూ ఆడేది. మొదటిసారి 1974లో అమెరికాలో అచ్చయింది.

"అత్తా, ముందు నీ మనిషిని తయారుచేసుకో" అన్నాడు.

అక్కడే నాకు సగం రాత్రి గడిచిపోయింది. ఆట మొదలుకాకముందే ఇన్ని ప్రశ్నలా! మొదట జాతి అడుగుతుంది: మనిషివా, ఎల్ఫ్‌వా, డ్వార్ఫ్‌వా, హాఫ్లింగ్‌వా? తర్వాత క్లాసు. మొత్తం పన్నెండు. ఫైటర్ అంటే కత్తి పట్టేవాడు, రోగ్ అంటే తాళాలు తీసేవాడు, క్లెరిక్ అంటే దేవుడి పేరు మీద మంత్రం వేసేవాడు, బార్డ్ అంటే పాటతో పని జరిపించుకునేవాడు. ఇలా ఒక్కో క్లాసుకీ ఒక్కో విద్య. ఆ తర్వాత గతం అడుగుతుంది: గొప్పింట్లో పుట్టావా, వీధుల్లో పెరిగావా, సైనికుడివా?

క్లాసు అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. తెలుగులో దీన్ని ఏమనాలి? తరగతి అంటే బడి. వర్గం అంటే పార్టీ ఆఫీసు. వర్ణం అంటే... ఆ మాట నోట్లోకి రాగానే వెనక్కి తీసుకున్నాను. ఆటలో క్లాసు అంటే నువ్వు నేర్చిన పని. పుట్టుక వేరే పేజీలో ఉంటుంది. రెండిటికీ రెండు వేరువేరు గడులు పెట్టారు. మనకి ఆ రెండు గడుల్నీ కలిపేసి ఒకటే గడి చేసి ఇచ్చారు.

నేను డ్వార్ఫ్ ఆడమనిషిని తీసుకున్నాను. పొట్టిగా, గట్టిగా, అచ్చం మా నాయనమ్మలా ఉంది. నాయనమ్మ పేరే పెట్టాను. క్లాసు విజర్డ్. ఎందుకంటే విజర్డ్ మంత్రాలు పుస్తకం చదివి నేర్చుకుంటుంది. మా నాయనమ్మకి వేలిముద్ర తప్ప సంతకం రాదు. అందుకని.

తర్వాత పాయింట్లు. బలం, చురుకుదనం, ఒంటి గట్టిదనం, తెలివి, వివేకం, ఎదుటివాళ్ళని ఆకట్టుకునే శక్తి. ఈ ఆరూ ఎనిమిది దగ్గర మొదలవుతాయి. పంచుకోవడానికి ఇరవై ఏడు పాయింట్లు ఇస్తారు. పైకి పోయేకొద్దీ ధర పెరుగుతుంది. ఒకదాన్ని పదమూడు దాకా తేవాలంటే ఐదు పాయింట్లు చాలు, పదిహేను చేయాలంటే తొమ్మిది పోతాయి. నేను మూడింటిని పదమూడు, మూడింటిని పన్నెండు చేశాను. లెక్క సరిగ్గా ఇరవై ఏడుకి సరిపోయింది. పైన ఇచ్చే రెండు, ఒకటి అదనపు పాయింట్లలో రెండు బలానికి వేశాను, పని చేసే ఒళ్ళు కదా అని.

వాడు తెర చూసి పడీపడీ నవ్వాడు. "అత్తా, ఇది రాజ్యాంగం కాదు, అందరికీ సమానంగా పంచడానికి! విజర్డ్‌కి తెలివే ప్రాణం. బలంతో నీకేం పని, కర్ర పట్టుకుని కొడతావా?"

వాడి మాట వినకుండా ఆడాను. పడవ కూలిన సముద్రపు ఒడ్డున, కాళ్ళున్న మెదడు ముద్దల్లాంటి జీవాలు మూడు మీద పడితే చచ్చిపోయాను. రెండోసారీ చచ్చాను. అప్పుడు వాడు కాగితం మీద లెక్క వేసి చూపించాడు. ఆటలో ప్రతి పనికీ ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పదిని సున్నాగా పట్టుకుంటే, ఆపైన ప్రతి రెండు పాయింట్లకీ పాచికకి ఒకటి కలుస్తుంది. నా తెలివి పదమూడు, అంటే కలిసేది ఒకటి. పదిహేను పెట్టి అదనపు రెండూ అక్కడే వేస్తే పదిహేడు, కలిసేది మూడు. మధ్యలో తేడా రెండే. కానీ ఇరవై ముఖాల పాచికలో ఒక్కో అంకె ఐదు శాతం. పదిసార్లు మంత్రం వేస్తే ఒకసారి తప్పేది తగులుతుంది. ప్రాణం ఆ ఒక్కసారి దగ్గరే ఉంటుంది.

బిల్డ్ అంటే ఇదీ అని అప్పుడు అర్థమైంది. ఉన్నదాన్ని ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు అనే లెక్క. ఇంకోటి కూడా చెప్పాడు. విజర్డ్‌కి మామూలుగా కవచం వేసుకునే అర్హత ఉండదు, ఒక్క దెబ్బకి పోతుంది. కానీ డ్వార్ఫుల్లో షీల్డ్ డ్వార్ఫ్ అనే రకానికి మధ్యరకం కవచం పుట్టుకతోనే అలవాటు. కవచం తొడుక్కునే మంత్రం వేయగలదు. "తెలియక తీసుకున్నావు గానీ అత్తా, నీది మంచి బిల్డే" అన్నాడు. మా నాయనమ్మ ఇనప చొక్కా వేసుకుని నిప్పు విసురుతుంటే నాకు కడుపు నిండిపోయింది.

విజర్డ్ పక్కనే సోర్సరర్ అని ఇంకో క్లాసు ఉంది. వాడికి మంత్రం నెత్తుట్లో ఉంటుంది. తాతముత్తాతల్లో ఎవరో డ్రాగన్ అట, అందుకని చదవకుండానే వచ్చేస్తుంది. విజర్డ్‌కి ఆ భాగ్యం లేదు. ఎక్కడో ఎవరో రాసిపెట్టిన చుట్ట దొరకాలి, దాన్ని తన పుస్తకంలోకి ఎక్కించుకోవాలి. ఎక్కించడానికి మంత్రం స్థాయికి యాభై చొప్పున బంగారు నాణేలు కట్టాలి. అయితే సోర్సరర్ చుట్టలోంచి కొత్తది నేర్చుకోలేడు. విజర్డ్ ఎన్ని చుట్టలు దొరికితే అన్ని నేర్చుకుంటుంది. నాకు జాషువా గుర్తొచ్చాడు. కాళిదాసు మేఘాన్ని పంపించిన పద్ధతిని తన పుస్తకంలోకి ఎక్కించుకుని, 1941లో గబ్బిలాన్ని శివుడి దగ్గరికి పంపించాడు. ఆ చుట్ట ఆయన కోసం రాసింది కాదు. అయినా నేర్చుకున్నాడు. ఎంత కట్టి నేర్చుకున్నాడో ఆయన జీవితం తెలిసినవాళ్ళకి తెలుసు.

పరిశోధన చేసినదాన్ని కదా, ఏ పుస్తకమైనా మొదటి ముద్రణ ఎలా ఉందో చూడకపోతే నాకు నిద్రపట్టదు. 1974 నాటి నియమాల సంగతి తవ్వాను. అందులో క్లాసులు మూడే: పోరాడేవాడు, మంత్రం వేసేవాడు, దేవుడి మనిషి. మనుషులు దేనిలోనైనా ఎంతవరకైనా ఎదగొచ్చు. డ్వార్ఫ్ పోరాడేవాడు మాత్రమే అవ్వాలి, అదీ ఆరో స్థాయి వరకే. హాబిట్ కూడా పోరాడేవాడే, నాలుగో స్థాయి దగ్గర ఆగిపోవాలి. ఎల్ఫ్ మంత్రంలో ఎనిమిది, కత్తిలో నాలుగు. 1981లో వచ్చిన బేసిక్ పుస్తకంలో అయితే డ్వార్ఫ్ అనేదే ఒక క్లాసు. డ్వార్ఫ్‌గా పుడితే నీ పని డ్వార్ఫ్. అంతే.

మిత్రులారా, ఈ మాటలు చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. పుట్టుక, పని, ఎదుగుదలకి గీత. మూడూ ఒకే పట్టికలో, అంకెలతో సహా! 1936లోనే అంబేడ్కర్ కులం పనిని మాత్రమే కాదు, పనిచేసే మనిషిని కూడా పంచిపెడుతుందని తేల్చి చెప్పాడు కదా. ఆ పంపకం ఒక ఆట పుస్తకంలో ఇంత నీటుగా గళ్ళు గీసి కనిపిస్తుందనుకోలేదు.

కానీ ఆ పట్టిక మారింది. 2000లో వచ్చిన మూడో కూర్పులో స్థాయి పరిమితులు తీసేశారు, ఏ జాతివాళ్ళయినా ఏ క్లాసయినా తీసుకోవచ్చన్నారు. 2020లో ఇంకో పుస్తకంలో, జాతిని బట్టి ఇచ్చే అదనపు పాయింట్లని ఆడేవాళ్ళ ఇష్టమొచ్చిన చోట పెట్టుకోనిచ్చారు. అందుకే నేను ఆడిన ఆటలో నా డ్వార్ఫ్ ఆ రెండూ తెలివికి వేసుకోగలిగింది, పన్నెండో స్థాయి దాకా ఎక్కింది. ఆ ఆటలో ఎవరికైనా పై మెట్టు అదే. 1974లో మా నాయనమ్మ విజర్డ్ అవ్వడమే కుదిరేది కాదు.

ఇక్కడితో ఆపేస్తే మంచి పోస్టే. జై భీమ్ అని లైకులు తీసుకోవచ్చు. కానీ అసలు సంగతి ఇప్పుడు చెప్పాలి.

నేను ఎమ్.ఏ.లో చేరినప్పుడు నాకు ఛందస్సు పిచ్చి. సీసపద్యం నడక మీద పని చేయాలని. పీహెచ్‌డీకి వెళ్ళినప్పుడు ఒక పెద్దాయన ప్రేమగానే అన్నారు: "అమ్మా, ఛందస్సు నీకెందుకు? దళిత కవిత్వం చెయ్యి. నీకైతే సహజంగా వస్తుంది." చేశాను. ఆ పని నాకు గొంతునిచ్చింది, ఈ పోస్టులు రాయించింది. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ "సహజంగా" అనే మాట మీద మాత్రం పదిహేనేళ్ళుగా మంట. ఎల్ఫ్‌కి విల్లు సహజం అన్నట్టు.

నాలుగేళ్ళ క్రితం మా కాలేజీలో పీజీ చదివే ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. మా పేటలాంటి పేట నుంచే. ప్రాజెక్టు పింగళి సూరన కళాపూర్ణోదయం మీద చేస్తానంది. కథలో కథ ఎలా అల్లాడో చూస్తానని అప్పటికే నోట్సు రాసుకుంది. నేనేమన్నానో తెలుసా? "అది వాళ్ళ సాహిత్యం. మనవాళ్ళు మన కథల మీద చేయకపోతే ఎవరు చేస్తారు?" ఆ అమ్మాయి తలూపింది. నేను చెప్పిన కథల మీద చేసింది. మంచి మార్కులొచ్చాయి. ఆ తర్వాత పరిశోధనకి వెళ్ళలేదు. ఇప్పుడు ఒక బట్టల షాపులో లెక్కలు రాస్తోంది.

నేను ఉద్యమం పేరు మీద అన్నాను, ఆ పెద్దాయన ప్రేమ పేరు మీద అన్నాడు. వినేవాళ్ళకి తేడా ఏముంది? పుట్టుక చూసి క్లాసు ఇచ్చాం ఇద్దరం. మన కథల మీద మనం పని చేయాలి, చేసి తీరాలి. కానీ అది ఆ పిల్ల తీసుకుంటే క్లాసు. నేను అంటగడితే మళ్ళీ వాడే.

ఆటలో విదర్స్ అని ఒక ఎముకల ముసలాయన ఉంటాడు. వంద బంగారు నాణేలిస్తే నీ క్లాసు, నీ పాయింట్లు మొత్తం తుడిచి మొదటినుంచీ పంచుకోనిస్తాడు. మొదట్లో నా తప్పు లెక్క కూడా ఆయన దగ్గరే దిద్దుకున్నాను. ఆయన జాతిని మాత్రం మార్చడు. నేను మార్చమనీ అడగను. మా నాయనమ్మ డ్వార్ఫ్‌గానే ఉండాలి. నాకు కావాల్సింది మిగతా గళ్ళు ఖాళీగా నా చేతికి రావడం.

బయట విదర్స్ లేడు. పోయిన నాలుగేళ్ళు వంద నాణేలకి రావు. అయినా మొన్న గురువారం ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. నేను చెప్పింది తప్పని చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇప్పుడెందుకు మేడమ్ ఇవన్నీ?" అంది. కోపంగా కాదు, అలిసిపోయిన గొంతుతో. నా దగ్గర జవాబు లేదు. షాపులో ఎవరో పిలిస్తే పెట్టేసింది.

నిన్న సాయంత్రం మెసేజ్ పెట్టింది. "కళాపూర్ణోదయం వ్యాఖ్యానంతో ఉన్నది మన లైబ్రరీలో ఉందా మేడమ్? పాత స్టూడెంట్లకి ఇంటికిస్తారా?"

ఇవ్వరు. నా కార్డు మీద తీసి పెట్టాను. రేపు షాపు మూసే టైముకి వెళ్ళి ఇచ్చొస్తాను. చదువుతుందో, నాలుగు పేజీలు తిప్పి పక్కన పెడుతుందో, అది తన ఇష్టం. ఈసారి నేను ఏమీ చెప్పను.

ఇది చదివే లెక్చరర్లకి, గైడ్లకి ఒక్క మాట. మన పిల్లలు మీ గదిలోకి వచ్చి కూర్చున్నప్పుడు, మీరు టాపిక్ చెప్పేముందు "నీకేం కావాలి?" అని అడగండి. వాళ్ళు జవాబు చెప్పేదాకా ఆగండి. మొదటిసారి అడిగితే వెంటనే చెప్పలేరు. ఎవరూ అడిగి ఉండరు కనక.

జై భీమ్.