ఆలస్యం... అమృతమే!

నడిచింది ఎనిమిది రోజులు. ఆగింది ఏడాది!

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న సెడార్ పాయింట్ పార్కులో 'టాప్ థ్రిల్ 2' అనే రోలర్ కోస్టర్ కథ ఇది. 2024 మే 4న అట్టహాసంగా మొదలైంది. 420 అడుగుల ఎత్తు, గంటకు 193 కిలోమీటర్ల వేగం. ఒక్కసారైనా ఎక్కాలని జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. మే 12న ఆగిపోయింది. బోగీల్లో మార్పులు చేయాలనీ అందుకు సమయం పడుతుందనీ ప్రకటించారు. వేసవి సెలవులు అయిపోయాయి. చలికాలమూ వచ్చి వెళ్లింది. మళ్లీ జనాన్ని ఎక్కించుకుంది 2025 మేలోనే.

సెలవు పెట్టుకుని, టికెట్లు కొనుక్కుని, పిల్లలకు మాటిచ్చి వచ్చినవాళ్లకు ఒళ్లు మండదా మరి? మండుతుంది. 'అంత డబ్బు పోసి కట్టారు కదా, ముందే చూసుకోవద్దూ?' అనిపిస్తుంది. అలా అనిపించడంలో తప్పేమీ లేదు. కానీ ఆ చోటికి అంతకుముందే ఓ చరిత్ర ఉంది.

పదిహేడు సెకన్ల ప్రయాణం

2003 మే 4న సరిగ్గా అక్కడే 'టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్' మొదలైంది. అప్పట్లో ప్రపంచంలోకెల్లా ఎత్తైనదీ, వేగమైనదీ అదే. నూనె ఒత్తిడితో తిరిగే మోటార్లు ఇనుప తాడును చుట్టుకుంటూ బోగీలను ఒక్క ఉదుటున లాగేవి. నాలుగు సెకన్లలోనే 193 కిలోమీటర్ల వేగం. నిట్టనిలువుగా పైకి, అంతే నిలువుగా కిందికి. మొత్తం పదిహేడు సెకన్లలో ప్రయాణం ముగిసేది! ఒక్కోసారి ఊపు చాలక బోగీ శిఖరం దాటలేక వెనక్కి జారేది. అది జరుగుతుందని ముందే తెలుసు కాబట్టి, జారితే పట్టుకోవడానికి బ్రేకులు అమర్చి పెట్టారు.

2021 ఆగస్టు 15న మాత్రం ఎవరూ ఊహించనిది జరిగింది. పరుగెడుతున్న బోగీ నుంచి ఓ లోహపు ముక్క ఊడి, కింద క్యూలో ఉన్న మహిళ తలకు తగిలింది. పాపం, ఆమె ఇంకా ఎక్కనే లేదు! తీవ్రంగా గాయపడింది. డ్రాగ్‌స్టర్ ఆ తర్వాత ఆ రూపంలో మళ్లీ నడవలేదు. తాడూ నూనె మోటార్లూ తీసేసి, అయస్కాంత శక్తితో తోసేలా మార్చి తెచ్చిందే 'టాప్ థ్రిల్ 2'. అలాంటి చోట బోగీల్లో మార్పులు అవసరమని తేలాక ఏడాది ఆగడం... ఎక్కువా?

న్యూజెర్సీలో కట్టిన 'కింగ్‌డా కా'దీ ఇంచుమించు ఇదే కథ. 456 అడుగులతో డ్రాగ్‌స్టర్ రికార్డును చెరిపేసింది. అనుకున్న తేదీ దాటిపోయి 2005 మే 21న మొదలైంది. మూడు వారాలైనా తిరగకుండానే, జూన్ 8న బోగీలను లాగే యంత్రాంగం దెబ్బతింది. మళ్లీ గేటు తెరిచింది ఆగస్టు 4న. ఎడిసన్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకూ తెలిసిన ఆ కోస్టర్ ఇప్పుడు లేదు. 2025 ఫిబ్రవరి 28న కూల్చేశారు.

ముందు బొమ్మలు... తర్వాతే మనుషులు

1884లో న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌లో లామార్కస్ థాంప్సన్ అనే ఆయన ఇలాంటి రైలు నడిపి ఒక్కొక్కరి దగ్గరా ఐదు సెంట్లు తీసుకున్నాడు. దాని వేగం గంటకు పది కిలోమీటర్లు. అంటే మన సైకిల్ కన్నా తక్కువే. ఇప్పుడు రెండు వందలు. వేగం ఇరవై రెట్లు పెరిగితే, బోగీలో ఉండే శక్తి నాలుగు వందల రెట్లు పెరుగుతుంది. ఆ శక్తినంతా అదుపులో పెట్టాలి. చివర్లో మెత్తగా ఆపాలి. అసలు తంటా అంతా అక్కడే!

అందుకే కొత్త కోస్టర్‌ను మొదట ఖాళీగా తిప్పుతారు. ఆ తర్వాత సీట్లలో నీళ్లు నింపిన బొమ్మల్ని కూర్చోబెట్టి తిప్పుతారు. మనిషి బరువుకు సమానంగా ఉండాలి కదా! ఒకటి రెండుసార్లు కాదు, వందలసార్లు. కొత్త చక్రాలు, బేరింగులు బిగుసుగా ఉంటాయి. పొద్దున చలిలో బోగీలు నెమ్మదిగా వెళ్తాయి, మధ్యాహ్నం ఎండలో అవే వేగం పుంజుకుంటాయి. ఎదురుగాలి వీస్తే మరో లెక్క. కాగితం మీద వేసిన లెక్కకూ పట్టాల మీద పరుగుకూ తేడా బయటపడేది అప్పుడే.

ఇక భద్రత సంగతి. రైలుమార్గంలో ఒక సిగ్నల్‌కూ మరో సిగ్నల్‌కూ మధ్య ఒక్క బండే ఉండాలన్న నియమం ఉంది కదా, ఇక్కడా అంతే. పట్టాలను ముక్కలుగా విభజిస్తారు. ముందు ముక్క ఖాళీ అయిందని సెన్సర్ చెబితేనే వెనక బండి కదులుతుంది. సీటు కడ్డీ సరిగా పడిందా, బ్రేకు సిద్ధంగా ఉందా అన్నవీ సెన్సర్లే చెబుతాయి. ఏ ఒక్కటి తేడాగా చెప్పినా కంప్యూటర్ వెంటనే ఆపేస్తుంది. ఒక్కోసారి బండిలో ఏ లోపమూ ఉండదు, సెన్సరే పొరబడుతుంది. అయినా ఆగాల్సిందే. అనుమానం వస్తే ఆగిపోవడమే ఆ యంత్రానికి నేర్పిన ధర్మం.

నాలుగేళ్లు ఆగి... నాలుగు రోజులు

అన్ని ఆలస్యాలూ శుభంగా ముగియవు. జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ కార్ల పందేలకు ప్రసిద్ధి. ఆ ట్రాక్ పక్కనే 'రింగ్ రేసర్' పేరుతో గంటకు 217 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే కోస్టర్ తేవాలనుకున్నారు. అప్పటికి ప్రపంచంలో అంత వేగం మరెక్కడా లేదు. 2009లో తెరవాలి. గాలిని విపరీతమైన ఒత్తిడితో బిగించి, ఒక్కసారిగా వదిలి బోగీలను తోయాలన్నది పథకం. ఆ ఏడాది సెప్టెంబరులో పరీక్షలు జరుగుతుండగా ఆ యంత్రాంగం పేలింది. అద్దాలు పగిలి కొందరికి గాయాలయ్యాయి. గేటు ఇంకా తెరవకపోవడం ఎంత మంచిదైందో!

ఆ తర్వాత ఏళ్ల తరబడి మరమ్మతులు. ఈలోగా 2012లో నూర్‌బుర్గ్‌రింగ్ సంస్థే దివాలా తీసింది. ఎట్టకేలకు 2013 అక్టోబరు 31న, వేగం 160కి తగ్గించి తెరిచారు. నవంబరు 3న మూసేశారు. మూణ్నాళ్ల ముచ్చట అంటాం కదా... ఇది నాలుగు నాళ్ల ముచ్చట!

యంత్రం ఆగింది... మనిషి ఆగలేదు

నవ్వుకోవడానికి వీల్లేని కథ మరొకటుంది. ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్ పార్కులో 'ద స్మైలర్' పద్నాలుగుసార్లు తలకిందులు చేసే కోస్టర్. అదీ వాయిదాలు పడి పడి 2013 మే 31న మొదలైంది. అసలు విషాదం రెండేళ్ల తర్వాత జరిగింది. 2015 జూన్ 2న పరీక్ష కోసం వదిలిన ఓ ఖాళీ బండి దారిలో ఇరుక్కుపోయింది. వెనక పదహారు మందితో ఉన్న బండిని కంప్యూటర్ ఆపేసింది. దాని పని అది సరిగ్గానే చేసింది. పట్టాల మీద ఇంకో బండి ఉన్న సంగతి తెలియని సిబ్బంది, కంప్యూటరే పొరబడిందనుకున్నారు. దాని ఆజ్ఞను పక్కనపెట్టి బండిని వదిలేశారు. అది వెళ్లి ఖాళీ బండిని ఢీకొట్టింది. ఇద్దరు అమ్మాయిలకు చెరో కాలు తీసేయాల్సి వచ్చింది. నడుపుతున్న సంస్థకు 2016లో కోర్టు 50 లక్షల పౌండ్ల జరిమానా విధించింది. జరిమానా కట్టొచ్చు... పోయిన కాళ్లు తెచ్చివ్వగలరా?

క్యూలో జనం ఉంటే సిబ్బంది మీద ఒత్తిడి ఉంటుంది. 'ఇంకెంతసేపు?' అన్న ప్రశ్న పదిమంది నోట పదిసార్లు వినిపిస్తే, ఎర్రదీపం కూడా అబద్ధం చెబుతోందేమో అనిపించొచ్చు. ఆ తొందరలో మన వంతూ కాస్త ఉంటుంది.

హైదరాబాద్ శివార్లలోని రావిర్యాలలో 2016లో వండర్‌లా వచ్చాక ఇలాంటి కోస్టర్లు మన పిల్లలకూ దగ్గరయ్యాయి. ఊళ్లో జాతరకు వచ్చే రంగులరాట్నం సరేసరి. ఎక్కడైనా సరే, 'ఈ రోజు నడవదు' అంటే పిల్లలు మొహం ముడుచుకుంటారు, సహజం. వాళ్లకో ఐస్‌క్రీమ్ కొనిపెట్టండి. బొమ్మల కథ, సెన్సర్ల కథ చెప్పండి. టికెట్ డబ్బులు వాపస్ అడగండి, తప్పులేదు. కానీ... 'ఏం కాదులే, ఒక్కసారి తిప్పండి' అని మాత్రం అనకండి.