తొట్టిలో మిజ్బిల్

సీబీఎస్‌ఈలో పదో తరగతి చదివిన పిల్లలకు మిజ్బిల్ తెలుసు. ఇరాక్ చిత్తడి నేలల్లో పుట్టి, గావిన్ మాక్స్‌వెల్ అనే రచయిత చేతికి వచ్చి, విమానమెక్కి లండన్ చేరిన నీటికుక్క. స్నానాల తొట్టి చూడగానే దానికి పూనకం వచ్చినంత పనయింది. దొర్లింది, మునిగింది, గదంతా నీళ్లపాలు చేసింది. కొద్ది రోజులకే కుళాయి తిప్పడం కూడా పట్టేసింది. వెల్లకిలా పడుకుని గోళీలతో ఆడుకునేది. ఈ పాఠం అయ్యాక "మనమూ ఒకటి పెంచుకుందాం నాన్నా" అనని పిల్లవాడు ఉంటే, వాడికి అప్పుడే పెద్దరికం వచ్చేసిందనుకోవాలి.

పాఠం అక్కడితో ఆగింది గానీ కథ ఆగలేదు. స్కాట్లండ్‌లో రోడ్డు పనిచేసే ఒకతను మిజ్బిల్‌ను కొట్టి చంపాడు. తరవాత తెచ్చుకున్న ఈడల్ అనే నీటికుక్క, మాక్స్‌వెల్ దగ్గరుండే టెరీ నట్కిన్స్ అనే కుర్రాడి రెండు వేళ్లు కొరికేసింది. అతను పెద్దయ్యాక బీబీసీలో జంతువుల కార్యక్రమాలతోనే పేరు తెచ్చుకున్నాడు కాబట్టి పగ పెట్టుకోలేదనుకోవచ్చు, వేళ్లు మాత్రం తిరిగి రాలేదు. 1968లో ఇల్లు తగలబడితే ఈడల్ అందులోనే పోయింది. మాక్స్‌వెల్ ప్రేమకు వంక పెట్టలేం. ఆ ప్రేమకు గోడలు కావలసి రావడంతోనే వచ్చింది చిక్కంతా.

నీటికుక్క ఆట చూసి మనం మురిసిపోతాం. చిన్నగోళ్ల జాతివైతే రాళ్లను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి ఎగరేస్తూ గారడీవాడిని మరిపిస్తాయి. 2020లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గమనించిందేమిటంటే, ఆకలి మీదున్నప్పుడు ఆ గారడీ ఎక్కువట! మనం ఫోన్లో చూసి నవ్వుకునే ముద్దుచేష్ట, బువ్వ ఎప్పుడా అని చూసే ఆరాటం కూడా కావచ్చు.

పోనీ కడుపు నింపుదామంటే, మనవైపు నదుల్లో ఉండే నున్నటి బొచ్చు జాతిది రోజుకు కిలో దాకా చేపలు లాగించేస్తుంది. తన సరిహద్దులను పెంటతో గుర్తు పెడుతుంది. ఆ సరిహద్దు ఏటిగట్టయినా ఒకటే, మీ సోఫా అయినా ఒకటే. ఒంటరిగా ఉంచితే అరుస్తుంది. గుంపుగా బతికే ప్రాణి, తనవాళ్లను పిలవకుండా ఎలా ఉంటుంది?

జపాన్ సంగతి మరీ విడ్డూరం. తన సొంత నీటికుక్క అంతరించిపోయిందని 2012లో ప్రకటించిన దేశంలోనే, నీటికుక్కలతో ఆడించే కేఫేలు వెలిశాయి. 2017లో బ్యాంకాక్ విమానాశ్రయంలో జపాన్ వెళ్తున్న ఒక విద్యార్థిని పెట్టెలో పది పిల్లలు దొరికాయి. 2019లో, వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలోని దేశాలు చిన్నగోళ్ల జాతినీ, నున్నటి బొచ్చు జాతినీ అంతర్జాతీయ వ్యాపారం నిషేధించిన పట్టికలో చేర్చాయి. మన దేశంలోనైతే వన్యప్రాణి చట్టం ప్రకారం పట్టుకోవడం, పెంచుకోవడం రెండూ నేరమే.

మరి బంగ్లాదేశ్‌లో నరాయిల్ జాలరులు పెంచుతున్నారు కదా అని అడగొచ్చు. నిజమే, తరతరాలుగా పెంచుతున్నారు. పెద్దవాటిని తాళ్లతో వెదురు గడకు కట్టి నీళ్లలోకి దింపితే, అవి చేపలను వలలోకి తరుముతాయి. పిల్లలకు తాడు ఉండదు, తల్లిదండ్రులను వదిలి అవి ఎక్కడికీ పోవు గనక. అక్కడ కుటుంబం కుటుంబంగానే ఉంటుంది, రోజూ నది చూస్తుంది, కూలి చేపల్లో ముడుతుంది. దాన్ని స్వేచ్ఛ అనలేను గానీ, అపార్ట్‌మెంట్ అయిదో అంతస్తుతో పోల్చడానికీ నాకు మనసొప్పదు.

అంత ముచ్చటగా ఉంటే కాకినాడ వెళ్లండి. కోరింగ మడ అడవుల కాలువల్లో నున్నటి బొచ్చు జాతి ఉంది. కనబడుతుందన్న హామీ ఏమీ లేదు. కనబడితే మాత్రం దాని చేపల ఖర్చు దానిదే, పెంట దాని గట్టు మీదే. మీకయ్యేది పడవ టికెట్టే.