దారికి అడ్డం పడిన కంప: ఆటోనగర్ నుంచి ఎర్రమట్టి దిబ్బల దాకా

నలుగురూ తిరిగే మట్టిదారిలో కావాలని పెట్టే అడ్డు మూడు రకాలు. దారి మూసేశామని దూరం నుంచే తెలియజేసేది ఒకటి: గేటు, గొలుసు, కందకం. విసిగించి వెనక్కి పంపేది రెండోది: ముళ్లకంప, రాళ్లకుప్ప, ఈడ్చి పడేసిన మాను. మూడోది కంటికి కనిపించకుండా గాయపరిచేది: మెడ ఎత్తులో బిగించిన సన్నని తీగ, ఆకుల కింద మేకులు గుచ్చిపెట్టిన చెక్క. ఆటోనగర్‌లో బయలుదేరి మాధవధార, సింహాచలం, కంబాలకొండ మీదుగా భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల దాకా నేను చేసిన సైకిల్ ప్రయాణానికి ఈ తేడాను దగ్గరగా చూడటమే పని.

ఆటోనగర్ గాజువాకను ఆనుకుని ఉంది. లారీ బాడీలు కట్టే షెడ్లు, వెల్డింగు, లేత్ పనులు, పాత ఇనుము, టైర్ల దుకాణాలు. పోర్టు, షిప్‌యార్డు, ఉక్కు కర్మాగారం ఉన్న ఊరికి లారీలే కాళ్లు కాబట్టి వాటిని బాగుచేసే చోటు కూడా పెద్దదే. ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. భూములు పోయిన కుటుంబాల వాళ్లు ఆర్-కార్డుల (పునరావాస కార్డుల) గురించి ఇప్పటికీ మాట్లాడుతూనే ఉన్నారు. భూములతో పాటు ఊరికీ ఊరికీ మధ్య ఉన్న బండిదారులు కూడా కర్మాగారం ప్రహరీ లోపలికి పోయాయి. దారి మూసుకుపోవడమంటే ఏమిటో ఈ ప్రాంతానికి కొత్తగా చెప్పనక్కర్లేదు.

కొండదారికి కావలసిన సామాను ఆటోనగర్‌లో ఒక్క వీధిలో దొరుకుతుంది. పంక్చర్ సామాను, గాలి పంపు ఎలాగూ ఉండాలి. వాటితో పాటు వెల్డర్లు వాడే తోలు గ్లోవ్స్, కటింగ్ ప్లేయర్, పది మీటర్ల నైలాన్ తాడు, ఎర్రగుడ్డ పేలికలు, పాత స్పీకర్ నుంచి తీసిన అయస్కాంతం తీసుకున్నాను. దారిలో మేకులు చల్లారని అనుమానం వచ్చినప్పుడు తాడుకు కట్టిన అయస్కాంతాన్ని నేల మీద ఈడిస్తే చేతులు గుచ్చుకోకుండా ఏరెయ్యవచ్చు. నిజానికి ఇక్కడ ట్యూబులను ఎక్కువగా పంక్చర్ చేసేది మేకులు కాదు, సర్కారు తుమ్మ ముళ్లు. ముల్లు దిగిన ప్రతిసారీ ఎవరో పగబట్టారని అనుకోకూడదు.

గాజువాక నుంచి షీలానగర్, ఎన్ఏడీ కొత్తరోడ్డు దాకా 16వ నంబరు జాతీయ రహదారి. లారీల మధ్య సైకిల్ ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, జాగ్రత్తగా దాటడం తప్ప. మాధవధార దగ్గర ఊరు ఆగి కొండ మొదలవుతుంది. ఇక్కడి నుంచి సింహాచలం కొండ మీదికి పాత కాలిబాట ఉంది. దేవుడి దర్శనానికి వెళ్లేవాళ్లు, పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లు, మేకలు తోలుకెళ్లేవాళ్లు, కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని దిగేవాళ్లు అంతా దీని మీదే. మెట్లున్న చోట సైకిల్‌ను భుజాన వేసుకోవాలి, మనుషులు ఎదురైన చోట దిగి నడిపించాలి. ఇది మర్యాద కోసం చెప్పే మాట మాత్రమే కాదు. చక్రాల మీద దూసుకొచ్చే మనిషికి భయపడి ఒకసారి పక్కకు గెంతిన నడకరి మరునాడు దారిలో రాళ్లు పేర్చాలనుకుంటే, ఆ పని తప్పే గానీ కారణం లేనిది మాత్రం కాదు. ఇంగ్లండులో 1968 నాటి చట్టం గుర్రపుబాటల మీద సైకిళ్లను అనుమతించినప్పుడు అందులోనే ఒక షరతు రాసింది: నడిచేవాళ్లకూ గుర్రాల మీద వెళ్లేవాళ్లకూ సైకిలిస్టు దారి ఇవ్వాలి.

అడ్డు కనబడగానే ముందు తేల్చుకోవలసింది అది పడిందా, పెట్టిందా అన్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు విశాఖలో, చుట్టుపక్కల కొండల మీద లెక్కలేనన్ని చెట్లు కూలాయి, కొండబాటలు మూసుకుపోయాయి. గాలికి కూలిన చెట్టుకు వేళ్ల దగ్గర మట్టిముద్ద ఉంటుంది, లేదా మొదలు చీలి పీచులు పీచులుగా ఉంటుంది. మనిషి నరికిన దానికి రంపపు కోతో, కత్తి గాట్లో కనబడతాయి. ఈడ్చి తెచ్చిన మాను వెనక నేల మీద చార ఉంటుంది. చుట్టుపక్కల ఆ జాతి చెట్టే లేకపోతే అది మోసుకొచ్చిందే. వానకు జారిన రాళ్లు వాలు వెంబడి చెదిరి ఉంటాయి. పేర్చిన రాళ్లకు అడుగున అంటిన మట్టి మచ్చ పైకి తిరిగి ఉంటుంది, వాటిని పెకలించిన తడి గుంటలు కాస్త దూరంలో కనిపిస్తాయి. మాధవధార బాటలో నేను చూసిన రెండు మానులూ గాలికి పడినవే. ఇంకాస్త పైన మలుపు తిరిగిన వెంటనే పేర్చిన రాళ్ల వరస మాత్రం మనిషి పనే.

మలుపు వెనక పెట్టడమే దాని ప్రమాదం. గంటకు 25 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 7 మీటర్లు. కన్ను చూసి చెయ్యి బ్రేకు నొక్కేలోపే ఆ 7 మీటర్లు అయిపోతాయి. గులకరాళ్ల మీద సైకిల్ జారి ఆగడానికి ఇంకొంత నేల కావాలి. కాబట్టి ముందు చెయ్యవలసిన పని రాళ్లు తీయడం కాదు. ఒక మనిషి ఎగువన, వీలైతే ఇంకో మనిషి దిగువన నిలబడి వచ్చేవాళ్లను ఆపాలి. ఒంటరిగా ఉంటే రెండు వైపులా చెట్లకు ఎర్రగుడ్డ కట్టాలి. తర్వాత ఫొటోలు: చుట్టుపక్కల గుర్తులతో సహా దూరం నుంచి ఒకటి, పక్కన సైకిల్ పంపో చెప్పో పెట్టి కొలత తెలిసేలా దగ్గరి నుంచి ఒకటి. ఫోన్‌లో ఆ చోటు గుర్తు పెట్టుకోవాలి. ఇవన్నీ అయ్యాక రాళ్లను ఒక్కొక్కటిగా పక్కకు చేర్చాలి, లోయలోకి దొర్లించకూడదు. కింద మేకలో మనుషులో ఉండవచ్చు. అడ్డు పక్క నుంచి పొదల్లో కొత్తదారి తొక్కుకుని పోవడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. వానాకాలం రాగానే ఆ కొత్త చాలు వాగవుతుంది, బాట రెండింతలు వెడల్పవుతుంది, అడ్డు పెట్టినవాడి ఫిర్యాదు నిజమవుతుంది.

తీగ సంగతి వేరు. దాన్ని విప్పకూడదు. బిగువుగా ఉన్న తీగ తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది కాబట్టి గ్లోవ్స్ వేసుకుని, పక్కకు నిలబడి, ముడులకు దూరంగా మధ్యలో కత్తిరించాలి. చెట్లకున్న ముడులను అలాగే వదిలేయాలి. ముడి వేసిన తీరు పోలీసులకు పనికొచ్చే సాక్ష్యం. ఎవరైనా పడి మెడకు దెబ్బ తగిలితే లేపి కూర్చోబెట్టవద్దు, తల కదలకుండా చూసి 108కి ఫోన్ చెయ్యాలి. భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చే నిర్లక్ష్యపు పనులకు శిక్ష చెబుతుంది. తీవ్రమైన గాయమైతే మూడేళ్ల దాకా జైలు. గాయపరచాలన్న ఉద్దేశం రుజువైతే ఇంకా పెద్ద సెక్షన్లే పడతాయి. దారి తనదేనన్న వాదన ఇక్కడ చెల్లదు. ఇంగ్లండులో ఒక తులిప్ తోట యజమాని హెచ్చరిక బోర్డు లేకుండా, తగిలితే పేలే తుపాకీ అమర్చాడు. తప్పిపోయిన నెమలిని పట్టుకోవడానికి గోడ దూకిన కుర్రాడి మోకాలు దెబ్బతింది. అనుమతి లేకుండా లోపలికి వచ్చాడని తెలిసి కూడా 1828లో కోర్టు యజమానినే బాధ్యుణ్ణి చేసింది.

ఎవరు పెడుతున్నారో తేల్చే పని సొంతంగా నెత్తిన వేసుకున్న సందర్భాలూ ఉన్నాయి. కెనడాలో నార్త్ వాంకూవర్ కొండబాటల మీద దుంగలూ రాళ్లూ పదేపదే అడ్డం పడుతుంటే సైకిలిస్టులు చెట్లకు రహస్య కెమెరాలు బిగించారు. 2015 జనవరిలో పోలీసులు 64 ఏళ్ల మహిళను అరెస్టు చేశారు. ఆమె ఆ అడవిలో నడకకు వెళ్లే మనిషి. తెలియనివాళ్లెవరో కాదు, అదే దారి మీద తిరిగే ఇంకొకరు. మన దగ్గరా వెతకడం అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉన్న సింహాచలం నుంచి అడివివరం వైపు దిగాను. ఆషాఢ పౌర్ణమికి ముందు చతుర్దశినాడు మొదలయ్యే గిరిప్రదక్షిణకు ఈ కొండ చుట్టూ 32 కిలోమీటర్లు లక్షలమంది నడుస్తారు. ఆ రాత్రి పోలీసులు బారికేడ్లు పెట్టి వాహనాలను ఆపుతారు. అదీ కావాలని పెట్టే అడ్డే. కానీ ఎవరు పెట్టారో, ఎందుకో, ఎప్పటిదాకానో అందరికీ ముందే తెలుసు. వెళ్లడానికి ఇంకో దారి చూపిస్తారు. ఎవరూ గొడవపడరు. ఈ పక్కనే పంచగ్రామాల భూసమస్య కూడా ఉంది. దేవస్థానానికీ నివాసులకూ మధ్య హక్కులు తేలక ఏళ్లు గడిచిన నేల అది. అలాంటి చోట దడి కనబడితే ఎవరిదో అడిగి తెలుసుకోవాలి, పీకెయ్యకూడదు.

అడివివరం దాటాక పొలాల మధ్య డొంకదారికి అడ్డంగా రేగుకంప, తుమ్మకంప కలిపి గుట్టగా వేసి ఉంది. దగ్గర్లోనే ఆవులను మేపుతున్న పెద్దాయన, అది తానే వేశానని దాచకుండా చెప్పాడు.

"రాత్రేళ మోటారుబళ్లేసుకుని గోలగోలగా ఎల్తన్నారు బాబూ. ఆవులు బెదిరి తాళ్లు తెంపేసుకుంతన్నాయి. మడిలోంచి దారి సేసీసినారు. ఎవులికి సెప్పీది?"

"నడిచేవాళ్ల సంగతేంటి తాతా? సైకిళ్ల వాళ్లో?"

"ఆలతో నాకు తగువు నేదు."

తగువు ఎవరితోనో తేలాక విరుగుడు ఆలోచించవచ్చు. సందు వదిలితే సైకిల్ పట్టే చోట మోటారు సైకిలూ పడుతుంది, హ్యాండిల్ వెడల్పులో తేడా తక్కువ. తేడా అంతా బరువులో ఉంది. సైకిల్ 15 కిలోలు, మోటారు సైకిల్ 150 కిలోల దాకా. మోకాలెత్తున అడ్డంగా ఒక దుంగ వేసి, దూరానికి కనబడేలా సున్నం పూస్తే నడిచేవాళ్లు దాటుతారు, సైకిల్‌ను ఎత్తి అవతల పెట్టుకోవచ్చు, మోటారు సైకిల్ ఆగిపోతుంది. ఆవులు దాటడానికి పక్కన రైతు తీసి వేసుకునే వాసం ఉండాలి. పెద్దాయనకు ఈ ఆలోచన నచ్చింది, కానీ ఊళ్లో నలుగురితో చెప్పి చెయ్యాలన్నాడు. ఆ మాట సరైనదే. డొంక రెవెన్యూ లెక్కల్లో పోరంబోకు అయితే ఒక్కరి నిర్ణయంతో మూసేది కాదు.

చట్టం ఇక్కడ స్పష్టంగానే ఉంది. బహిరంగ దారికి అడ్డు పెడితే న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద 5,000 రూపాయల దాకా జరిమానా. 2024 జులై 1కి ముందున్న శిక్షాస్మృతిలో ఇది 200 రూపాయలే. అడ్డు తొలగించమని సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆదేశించవచ్చు. సొంత పొలంలోంచి పోయే బాటకు 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం వర్తిస్తుంది. 20 ఏళ్లు బహిరంగంగా, ఆటంకం లేకుండా, హక్కుగా నడిచిన దారి హక్కవుతుంది. ప్రభుత్వ భూమిలో అయితే 30 ఏళ్లు. వారాంతాల్లో వచ్చిపోయే సైకిలిస్టుకు ఈ హక్కు సులువుగా రాదు. ఆ బాటన తాతల నాటి నుంచి నడుస్తున్న ఊరివాళ్లకు వస్తుంది. అందుకే సైకిలిస్టుల బృందం ఫిర్యాదు రాయదలచుకుంటే ఊరివాళ్లతో కలిసి రాయడం మేలు.

కంబాలకొండ దగ్గర లెక్క తిరగబడుతుంది. ఒకప్పుడు విజయనగరం రాజుల ఆధీనంలో ఉన్న ఈ అడవి దాదాపు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. చిరుతలు, చుక్కల దుప్పులు, నక్కలు ఉన్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. ఇలాంటి అడవుల అంచున తవ్వే కందకం పశువులను, బండ్లను ఆపడానికే. దాని మీద పలకలు పరిచి సైకిళ్లు దాటించేవాళ్లు, తమ బాటలో ఎవరో రాళ్లు పెట్టారని కోప్పడేవాళ్లు ఒక్కరే కావడం నన్ను నిజంగా బాధపెట్టే విషయం. అటవీశాఖ పర్యావరణ పార్కు ద్వారా అనుమతించిన బాటల్లోనే తిరగాలి. అక్కడ తీగో మేకులో కనబడితే రేంజ్ ఆఫీసుకు చెప్పాలి. అలాంటిది దుప్పులకు పెట్టిన ఉచ్చు కూడా కావచ్చు, అది ఇంకా పెద్ద నేరం.

మధురవాడ మీదుగా తీరానికి దిగి, రుషికొండ, తొట్లకొండ దాటి భీమిలి వైపు వెళితే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ల పాటు సముద్రం ముందుకూ వెనక్కూ జరిగిన కాలంలో గాలి పోసిన ఇసుక ఎర్రబడి గట్టిపడితే, వాన దాన్ని కోసి లోయలు చేసింది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ గుర్తించిన భూవారసత్వ స్థలమిది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా వచ్చింది. ఏటవాలు గోడలు, మలుపులు చూస్తే సైకిల్ దింపాలనిపించడం సహజం. కానీ ఈ మట్టికి సిమెంటు లాంటి గట్టి కట్టు లేదు. టైరు గీసిన చాలులోకి మొదటి వాననీరు చేరుతుంది, మరుసటి వానకు అది గండి. ఇలాంటి చోట చక్రాలకు అడ్డు ఉండి తీరాలి. అది పనిచెయ్యాలంటే కంచె రెండు కొసలూ లోయ అంచుకో, దట్టమైన పొదకో ఆనాలి, లేకపోతే కొస చుట్టూ కొత్తదారి పుడుతుంది. కార్యాలయం పేరు, ఫోన్ నంబరు, మూసిన కారణం, నడిచేవాళ్లకు తెరిచిన బాట ఎటువైపో చెప్పే తెలుగు బోర్డు ఉండాలి. సైకిళ్లను తీరం రోడ్డు దగ్గరే తాళం వేసి వదిలి లోపలికి నడిచి వెళ్లాలి. తిరుగు ప్రయాణానికి మళ్లీ కొండలెక్కనక్కర్లేదు. భీమిలి నుంచి విశాఖకు తీరం వెంబడే తారురోడ్డు ఉంది.