తడి ఊళ్లో భోగి నిప్పు

సంక్రాంతి నెల రాగానే ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే ఇది: "సింగపూర్‌లో భోగిమంట ఎక్కడ వేస్తాం అన్నా?" 2025 భోగికి మేం నలుగురం వేశాం. ఎలా వేశామో, ఎక్కడ పెద్ద తప్పు జరగబోయిందో రాస్తున్నా. కొంచెం పొడుగే. టీ పట్టుకుని చదవండి.

నాది టోవా పాయోలో బ్లాకులు ఊడ్చే పని. టోవా అంటే పెద్ద, పాయో అంటే చిత్తడి నేల అంట. 1960ల్లో ఇక్కడ బ్లాకులు లేచాయి. చిత్తడి పోయింది గానీ తేమ పోలేదు. పొద్దున జేబులో వేసుకున్న అగ్గిపెట్టె మధ్యాహ్నానికి చెమటకి మెత్తబడిపోద్ది. పుల్ల బాగానే ఉన్నా గీసే పక్క తడిస్తే చాలు, ఇక వెలగదు.

మాది కోనసీమ. మా నాయనమ్మ వానాకాలానికి ముందే ఎండు డొక్కలు, చిప్పలు, పీచు అటకెక్కించేది. రాత్రి పొయ్యిలో నిప్పుల మీద బూడిద కప్పేది. పొద్దున్నే ఆ బూడిద తీసి, గుప్పెడు పీచు పెట్టి ఊదితే నిప్పు లేచేది. అగ్గిపుల్ల ఖర్చయ్యేది కాదు. మా ఊరి కిళ్లీకొట్టు దగ్గర బీడీలు ముట్టించుకోడానికి కొబ్బరితాడు వేలాడేది, రోజంతా కొస నిప్పు ఆరేది కాదు. పీచు సంగతి అప్పటి నుంచీ తెలుసు నాకు.

తెలిసీ ఒకసారి తప్పు చేశాను. నాకు పన్నెండేళ్లు. భోగి తెల్లవారుజామున మంచుకి కట్టెలు చెమ్మగిల్లి అంటుకోలేదు. తొందరపడి కిరసనాయిలు డబ్బా ఎత్తి పోశాను. అడుగున నిప్పు రగులుతోందని చూసుకోలేదు. మంట ధార పట్టుకుని పైకి వచ్చేసింది. భయపడి డబ్బా వదిలేశా. అది పక్కన నిలబడ్డ మా తమ్ముడి కాలి మీద పడింది. నెలన్నర ఆసుపత్రి. వాడు ఇప్పటికీ నలుగురిలో కూర్చుంటే ఎడమకాలి మీదకి లుంగీ లాక్కుంటాడు. ఆ సంగతి మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు. నేనూ ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు.

ఇక్కడ నిప్పంటే ఎందుకింత రూలు అని విసుక్కునేవాళ్లు చాలామంది ఉన్నారు. 1961 మే 25న బుకిట్ హో స్వీ అనే పేటలో నిప్పంటుకుంది. అటాప్ ఇళ్లు, అంటే మన తాటాకిళ్ల లాంటివే. ఒక్క రోజులో పదహారు వేల మంది దాకా నిలువ నీడ లేకుండా అయ్యారు. ఆ తర్వాతే ప్రభుత్వం బ్లాకులు కట్టడం జోరందుకుంది. వేసవిలో ఒక ఇల్లు అంటుకుంటే పేటంతా ఎలా పోద్దో గోదావరి జిల్లాల వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

అందుకే పార్కుల్లో ఎక్కడపడితే అక్కడ మంట వేయకూడదు. బార్బెక్యూ పొయ్యిలున్న చోటే, అదీ ముందు బుక్ చేసుకుని వేయాలి. మేం ఈస్ట్ కోస్ట్ పార్కులో ఒక పొయ్యి బుక్ చేశాం. భోగి సోమవారం, జనవరి 13. డ్యూటీ ఉంది కాబట్టి ముందురోజు ఆదివారం సాయంత్రానికి పెట్టుకున్నాం.

సరంజామా పదిహేను రోజుల ముందే మొదలెట్టా. టెక్కాలో కొన్న కొబ్బరికాయల పీచు, చిప్పలు ఆరబెట్టి మూత గట్టిగా పడే బిస్కెట్ డబ్బాలో దాచా. దేవుడి దగ్గర పెట్టే పువ్వొత్తులు నేతిలో ముంచి చిన్న స్టీలు డబ్బాలో పెట్టా. ఒక్కోటి నాలుగైదు నిమిషాలు మండుద్ది, గాలికి తొందరగా ఆరదు. అగ్గిపెట్టెని నాలుగు బియ్యపు గింజలతో ప్లాస్టిక్ డబ్బాలో వేశా. బొగ్గులు మాత్రం పార్కు దగ్గరే కొందామనుకున్నాం.

ఆ వారం వాన చూశారు కదా. శుక్ర, శనివారాలు రెండు రోజుల్లోనే చాంగీలో జనవరి నెలంతా పడాల్సిన దానికన్నా ఎక్కువ కురిసింది. ఆదివారం మధ్యాహ్నం బయల్దేరుతుంటే మా రూమ్‌లో అందరికన్నా చిన్నవాడు సంచీలో నీళ్ల బాటిల్ పెట్టుకున్నాడు. మూత తియ్యకుండానే వాసన తెలిసింది. థిన్నర్. పెయింట్ పని దగ్గర మిగిలిందంట.

"ఇంత తడిలో ఆ ఒత్తులేం అంటుకుంటాయి అన్నా? ఇది కొంచెం చల్లితే భగ్గుమంటది."

ఎంఆర్‌టీలో మండే ద్రవాలు తేకూడదని, జరిమానా 5,000 డాలర్ల దాకా అని బోర్డు ఉంటది. అది చెప్పా. "ఎవరు చూస్తారన్నా" అన్నాడు. ఏజెంటుకి కట్టిన అప్పు ఇంకా తీరలేదు వాడికి. పర్మిట్ పోతే ఏం చేస్తావన్నా. నవ్వాడు. అప్పుడు మా తమ్ముడి కాలు సంగతి చెప్పాను. ఇక్కడికొచ్చాక ఎవరికీ చెప్పలేదది. థిన్నర్ కిరసనాయిలు కన్నా ఘోరం, దాని ఆవిరే అంటుకుంటది, నీ చేతిలో బాటిల్ దాకా వస్తది అన్నా. వాడేం మాట్లాడలేదు. వెళ్లి అది తెచ్చిన చోట అప్పజెప్పి వచ్చాడు.

ఆర్చర్డ్‌లో లైను మారి మెరైన్ పరేడ్‌లో దిగాం. పొయ్యి అడుగున బూడిద బురదలా ఉంది. పైన తుంపర. ఒకడు గొడుగు పట్టాడు. మొదటిసారి పొగ వచ్చింది, ఆరిపోయింది. రెండోసారీ అంతే. చిన్నోడు నా మొహం చూశాడు గానీ థిన్నర్ మాట ఎత్తలేదు.

అప్పుడు మా బ్లాకు కింద ఆంటీ గుర్తొచ్చింది. చైనావాళ్ల ఏడో నెలలో పెద్దలకి కాగితాలు కాలుస్తారు కదా, ఆ బూడిద ఎత్తేది మేమే. ఆ ఆంటీ ఒక్కో కాగితాన్నీ మధ్యలో బోలు ఉండేట్టు చుట్టి, ఒకదాని మీద ఒకటి వదులుగా వేసుద్ది. ఎందుకలా అని చేత్తో అడిగితే, నోటితో 'ఫూ' అని ఊది చూపించింది. కట్టలు కట్టలుగా పడేసినవాళ్ల డబ్బాల్లో సగం కాలని కాగితం మిగులుద్ది. ఆవిడ డబ్బాలో తెల్లటి బూడిదే.

మేం పీచు గట్టిగా కుక్కేశాం. అంతా తీసేసి, బురద మీద అట్టముక్క వేసి, దాని మీద చిప్పలు బోర్లించాం. మధ్యలో రెండు ఒత్తులు. పీచు దూదిలా విడదీసి, పైన చిప్ప పెంకులు, ఆపైన నాలుగే బొగ్గులు. ఒక్క పుల్లకే అంటుకుంది. చిప్ప అంటుకున్నాక దాన్ని తుంపర ఏం చేస్తది?

ఇక్కడ ఏడున్నర అంటే ఇంటి దగ్గర అయిదు. వీడియో కాల్ చేశా. మా పాప పిడకల దండ గుచ్చుతోంది, ఎత్తి చూపించింది. మంట చూపించా. వెనకనుంచి మా తమ్ముడు ఫోన్‌లోకి తొంగి చూశాడు.

"కిరసనాయిలు పొయ్యలేదు కదా అన్నయ్యా?" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. పాతికేళ్లు దాటింది, వాడా మాట ఎత్తడం అదే మొదటిసారి. "లేదురా, నెయ్యి ఒత్తులే" అన్నా. ఇంకేం అనలేకపోయా. పొగ అని చెప్పి కళ్లు తుడుచుకున్నా.

వచ్చేముందు బూడిదలో నీళ్లు పోసి, పుల్లతో కలిపి, మళ్లీ పోశాం. ఇది మాత్రం మర్చిపోకండి. చల్లారిందనుకున్న బూడిద సంచీలోకి ఎత్తితే సంచీ కరిగి కాలి మీద పడటం నా పనిలో చూశా. పైన చెయ్యి ఆడించి వేడి లేదని తెలిశాకే కదలండి. ఏదన్నా తేడా వస్తే 995.

ఈసారి కూడా వేస్తాం. పీచు, చిప్పలు ఇప్పటి నుంచే దాచండి. ఒత్తులు నేను తెస్తా. థిన్నర్, పెట్రోలు తెచ్చేవాళ్లు మాత్రం రావద్దు.