ఆల్మటీలో రేకు డబ్బా, తాష్కెంట్‌లో డిలీట్ బటన్

ఆల్మటీలో దిగిన రెండో గంటకే నా జేబులోని నోట్లు పరువు తీశాయి. గ్రీన్ బజార్‌లో యాపిల్స్ అమ్మే పెద్దావిడ నా పది వేల టెంగేల నోటు చూసి చిల్లర లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. కాటా పక్కన అంటించిన ఎర్ర క్యూఆర్ కోడ్ చూపించింది. దాని పేరు కాస్పీ. మన ఫోన్‌పే, అమెజాన్, బ్యాంకు, మీసేవ అన్నీ ఒకే యాప్‌లో కుక్కితే ఎలా ఉంటుందో కజకిస్తాన్‌లో కాస్పీ అలా ఉంటుంది. టీ తాగినా అదే, పన్ను కట్టినా అదే. మెట్రో మెట్ల దగ్గర గిటార్ వాయించే కుర్రాడి ముందు కూడా అదే కోడ్. నాకు ఆ యాప్ లేదు. యాపిల్స్ అక్కడే వదిలేసి వచ్చా.

అసలు అక్కడికి ఎందుకెళ్లానంటే, సగం కారణం వీసా. మన పాస్‌పోర్ట్‌కి కజకిస్తాన్‌లో 14 రోజుల వరకు వీసా అక్కర్లేదు, ఉజ్బెకిస్తాన్‌కి ఈ-వీసా ఇంట్లో కూర్చునే వస్తుంది. మిగతా సగం మా నాన్న. ప్రతి ఆదివారం ఆయన ఏదో ఒక దేశం వీడియో పంపిస్తారు. అద్దంలాంటి రోడ్లు, ఆకాశాన్నంటే బిల్డింగులు, ఇరవై ఏళ్లుగా ఒకే నాయకుడు. కింద ఆయన కామెంట్: 'ఇలాంటోడు పదేళ్లుంటే చాలురా, మనదీ బాగుపడుద్ది.' గ్రూపులో అందరూ దండం పెట్టే ఎమోజీలు. నేనెప్పుడూ గట్టిగా వాదించలేదు. వాదించడానికి నా దగ్గర ఉన్నవీ వీడియోలే.

ఈ రెండు దేశాలూ పక్కపక్కనే ఉంటాయి. రెండూ 1991లో సోవియట్ యూనియన్ నుంచి విడిపోయాయి. రెండింట్లోనూ అప్పటి కమ్యూనిస్టు పార్టీ పెద్దే అధ్యక్షుడైపోయాడు. అక్కడ నజర్బయేవ్ 2019 దాకా కుర్చీ వదల్లేదు, ఇక్కడ కరిమోవ్ 2016లో చనిపోయేదాకా వదల్లేదు. తర్వాత వచ్చినవాళ్లకి పడ్డ ఓట్లు చూడండి: 2022లో తొకాయెవ్‌కి 81 శాతం, 2023లో మిర్జియోయెవ్‌కి 87 శాతం. మన ఇంజినీరింగ్ కాలేజీలో ఇంటర్నల్ మార్కుల్లాగా. ఒకే రకం పాలన, రెండు దేశాలు. మంచి ఏ/బీ టెస్ట్ అనుకున్నా.

అదే నా మొదటి పొరపాటు. ఏ/బీ టెస్ట్‌లో ఒక్కటే మారాలి, మిగతావన్నీ ఒకేలా ఉండాలి. ఇక్కడ భూమి కిందే మారిపోయింది. కజకిస్తాన్ దగ్గర తెంగిజ్, కషగాన్ లాంటి భారీ చమురు క్షేత్రాలున్నాయి. ప్రపంచంలో తవ్వే యురేనియంలో దాదాపు 40 శాతం అక్కడిదే. దేశం సైజు మన దేశంలో ఐదింట నాలుగు వంతులు, జనం మాత్రం రెండు కోట్లు. అంటే తెలంగాణ జనాభాలో సగం కాస్త అటూ ఇటూ. అందుకే తలసరి జీడీపీ ఏడాదికి దాదాపు 14 వేల డాలర్లు. ఉజ్బెకిస్తాన్‌లో బంగారం, గ్యాస్, పత్తి ఉన్నాయి కానీ పంచుకోవాల్సినవాళ్లు మూడున్నర కోట్ల పైనే. తలసరి 3 వేల డాలర్ల పైచిలుకు. మనది 2,700 దగ్గర ఉంది కాబట్టి మనం పెద్దగా మాట్లాడకూడదు.

తేడా కంటికి కనపడుతుంది. ఆల్మటీలో నేనున్న అపార్ట్‌మెంట్ పక్కన ఒక టవర్ కడుతున్నారు. పొద్దున్నే పరంజా ఎక్కే మేస్త్రీల్లో ఎక్కువమంది ఉజ్బెక్‌లని ఇంటి ఓనర్ ఆంటీ చెప్పింది. అలా రష్యాకు వెళ్లినవాళ్లు కూడా లక్షల్లో ఉన్నారట. పాలమూరు నుంచి హైదరాబాద్‌కి, హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి అన్నట్టు.

ఆ ఆంటీ గురించి చెప్పాలి. రిటైరైన టీచర్. ఆమెకు ఇంగ్లీష్ రాదు, నాకు రష్యన్ రాదు, మధ్యలో ట్రాన్స్‌లేటర్ యాప్. యాపిల్స్ కథ చెప్తే పగలబడి నవ్వి, వంటింటి అల్మరాలోంచి బిస్కెట్ల రేకు డబ్బా తీసింది. నిండా నోట్లు. 'జనవరి' అంది, అంతే. ట్రాన్స్‌లేటర్ దాన్ని కరెక్ట్‌గానే అనువదించింది, నాకే అర్థం కాలేదు.

2022 జనవరి సంగతి అది. జనావోజెన్ అని పశ్చిమాన ఒక చమురు ఊరు. 2011లో అక్కడే సమ్మె చేస్తున్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆ ఊళ్లోనే 2022 కొత్త సంవత్సరం రోజుకల్లా కార్లలో పోసుకునే ఎల్పీజీ ధర రెట్టింపైంది, లీటరు 60 టెంగేల నుంచి 120కి. గ్యాస్ పుట్టే ఊళ్లో గ్యాస్ కొనలేకపోతున్నాం అని జనం రోడ్డెక్కారు. మూడు రోజుల్లో అది దేశమంతా పాకింది. ఆల్మటీలో మేయర్ ఆఫీసు తగలబడింది. అధ్యక్షుడు టీవీలోకొచ్చి, హెచ్చరిక లేకుండా కాల్చమని ఆదేశాలిచ్చానన్నాడు. రష్యా నాయకత్వంలో బయటి సైన్యం కూడా వచ్చింది. సర్కారు లెక్క ప్రకారమే 238 మంది చనిపోయారు. ఆల్మటీలో సుమారు ఐదు రోజులు ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటర్నెట్ ఆపడంలో మన దేశానికీ తక్కువ పేరేం లేదనుకోండి. కానీ కాస్పీ మీద నడిచే ఊళ్లో నెట్ ఆగిందంటే రొట్టె కూడా ఆగినట్టే. ఆంటీ ఫోన్లో జీతం డబ్బులు అలాగే ఉన్నాయి, చేతిలో ఒక్క నోటు లేదు. పక్కింటి ముసలాయన పిండి ఇచ్చాడట. అప్పటి నుంచీ ఆ డబ్బా.

నాకు మింగుడుపడనిది ఏంటంటే, ఇది ఆ ప్రాంతంలోకెల్లా డబ్బున్న దేశంలో జరిగింది. సగటు బాగుంది. సగటు ఎవరి ఇంట్లో ఉందన్నదే ప్రశ్న. ఆ గొడవ సద్దుమణిగాక తొకాయెవ్ స్వయంగా పార్లమెంటులో చెప్పాడు, మొదటి అధ్యక్షుడి పుణ్యమా అని కొన్ని కంపెనీలు, కొంతమంది అంతర్జాతీయ స్థాయి ధనవంతులయ్యారని. 2019లో ఆ మొదటి అధ్యక్షుడి గౌరవార్థం రాజధాని అస్తానాకు నూర్‌సుల్తాన్ అని పేరు పెట్టినవాడూ ఆయనే. 2022లో మళ్లీ అస్తానా చేసిందీ ఆయన హయాంలోనే. ఆ మూడేళ్లలో బోర్డులు రాసే కాంట్రాక్టర్లకు మాత్రం బాగా గిట్టుబాటై ఉంటుంది.

ఇంకో చిన్న విషయం. అక్టోబరులో సాయంత్రం ఐదున్నరకే ఆల్మటీ చీకటైపోయింది. కొండలవైపు ట్రెక్ ప్లాన్ చేసుకున్న నాకు చుక్కలు కనిపించాయి, రెండు రకాలుగా. 2024 మార్చి 1న దేశమంతా ఒకే టైమ్ అని ఆల్మటీ, అస్తానా గడియారాల్ని గంట వెనక్కి తిప్పేశారు. సాయంత్రాలు పోయాయని జనం గొణుగుతూనే ఉన్నారు, ఆన్‌లైన్ పిటిషన్ మీద వేలల్లో సంతకాలూ పెట్టారు. నేను వెళ్లేనాటికి గడియారం మాత్రం అక్కడే ఉంది.

తాష్కెంట్‌కి ఫ్లైట్‌లో గంటన్నర. లాల్ బహదూర్ శాస్త్రిగారు చనిపోయిన ఊరుగానే మనకు తెలుసు. ఆయన పేరు మీద అక్కడో వీధి ఉంది. వంద డాలర్లు మారిస్తే 12 లక్షల సోమ్‌లు చేతిలో పెట్టారు, జీవితంలో మొదటిసారి లక్షాధికారినయ్యా. ఎనిమిదేళ్ల కిందట ఇదే పని చేయాలంటే బజారు వెనక సందులో సంచీ పట్టుకుని నిలబడాల్సి వచ్చేదట. డాలర్‌కి సర్కారు రేటు ఒకటి, అసలు రేటు దానికి రెట్టింపు. 2017 సెప్టెంబరులో మిర్జియోయెవ్ ఆ ముసుగు తీసేశాడు. ఒక్క రోజులో సర్కారు రేటు 4,200 నుంచి 8,100కి వెళ్లింది. 2018 దాకా మెట్రోలో ఫొటో తీస్తే నేరం. 2019 దాకా సొంత దేశం దాటి వెళ్లాలంటే చాలా దేశాలకు ఎగ్జిట్ వీసా కావాలి. పత్తి తీతలకు టీచర్లనీ నర్సులనీ బలవంతంగా తోలేవాళ్లు. అది ఆగిందని పరిశీలకులు చెప్పాక, 2022లో అంతర్జాతీయ సంస్థలు ఉజ్బెక్ పత్తి మీద బహిష్కరణ ఎత్తేశాయి.

అందుకే తాష్కెంట్‌లో ఒక హుషారు కనిపిస్తుంది. ఆల్మటీ కంటే పేదది, కానీ మొన్నటికంటే ఇవాళ నయం అన్న మూడ్. కాస్మోనావ్ట్‌లర్ మెట్రో స్టేషన్‌లో నీలం గోడల ముందు అమ్మాయిలు రీల్స్ చేస్తుంటే, ఇవే గోడల దగ్గర ఫోన్ ఎత్తితే పోలీసు వచ్చేవాడంటే నమ్మబుద్ధి కాలేదు. రోడ్ల నిండా తెల్ల షెవర్లేలే. దేశంలో తయారయ్యేవాటిలో ఎక్కువ అవే, బయటి కార్ల మీద ఏళ్ల తరబడి సుంకం బాదారు మరి. ఏ పార్కింగ్‌లోనైనా మన కారు మనం వెతుక్కోవడం ఒక పజిల్.

తాష్కెంట్‌లో హాస్టల్‌లో పరిచయమైన ఒక కుర్రాడు నాలాగే డెవలపర్. (అతని వివరాలు కొన్ని కావాలనే మార్చేశాను.) ఇద్దరం ఒకే ఫ్రేమ్‌వర్క్‌ని తిట్టుకుంటూ గంటలో దోస్తులమైపోయాం. ఐటీ వాళ్లకు సర్కారు పన్ను రాయితీలిస్తోంది, బయటి దేశాల ప్రాజెక్టులు వస్తున్నాయి, అతని సంపాదన వాళ్ల నాన్న సంపాదనకు ఎన్నో రెట్లు. 'ఇక్కడే ఉంటా' అన్నాడు గర్వంగా. నేను ఫోన్ గ్లాసుకి ఆనించి రికార్డ్ చేస్తున్నా. అతనికి తెలుసు, నవ్వుతూనే ఉన్నాడు.

మీది ఏ ఊరని అడిగా. దేశానికి పడమటి చివర, కరకల్పక్‌స్తాన్ రాజధాని నుకుస్ అన్నాడు. పేరుకి స్వయంపాలిత ప్రాంతం. 2022లో రాజ్యాంగం మార్చి ఆ హోదా తీసేద్దామనుకున్నారు. జులై 1న నుకుస్‌లో జనం వీధుల్లోకొచ్చారు. అధికారిక లెక్క 21 మంది మృతి. అధ్యక్షుడు విమానమెక్కి వెళ్లి ఆ సవరణ వెనక్కి తీసుకున్నాడు. సవరణ పోయింది, దాన్ని వ్యతిరేకించిన లాయర్, జర్నలిస్టు దౌలెత్‌మురాత్ తజిమురాతోవ్‌కి మాత్రం 16 ఏళ్ల జైలు పడింది. ఇదంతా నేను ముందే చదివా. 'ఆ రోజు నువ్వక్కడే ఉన్నావా?' అని అడిగా. మంచి క్లిప్ వస్తుందని నా బుర్రలో ఒక మూల అప్పుడే లెక్కలేస్తోంది.

రెండు వాక్యాలు చెప్పాడు. మూడోది మొదలుపెట్టి ఆగిపోయాడు. ఫోన్ వైపు చూశాడు.

'డిలీట్ చెయ్యి.'

చేశా. 'రీసెంట్లీ డిలీటెడ్‌లోంచి కూడా.' అదీ చేశా. ట్రాన్స్‌లేటర్ హిస్టరీ అడిగాడు, తీసేశా. చెయ్యి వణకలేదు, గొంతు పెంచలేదు, కోడ్ రివ్యూ చేసినంత మామూలుగా చెప్పాడు. తర్వాత మళ్లీ ఫ్రేమ్‌వర్క్ కబుర్లే. రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది, నా ఫోన్‌లో ఆటో బ్యాకప్ ఆన్‌లో ఉంది. లేచి ల్యాప్‌టాప్ తెరిస్తే ఆ వీడియో క్లౌడ్‌లో ఉంది, ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో కూడా సింక్ అయి కూర్చుంది. రోజూ డేటా సెక్యూరిటీ ట్రైనింగ్‌లకు నెక్స్ట్, నెక్స్ట్ కొట్టే నేను తెల్లవారుజామున మూడింటికి ఒక్కో చోటా వెతికి తుడిచాను. నాకేం కాదు, నాలుగు రోజుల్లో శంషాబాద్‌లో దిగుతా. అతను అక్కడే ఉంటాడు. పొద్దున్న ఆ సంగతి చెప్తే అతను కాసేపు ఏమీ అనలేదు. 'ఇంజినీర్‌వి కదా' అన్నాడు చివరికి. అంతకంటే తిట్టు లేదు.

సమర్‌ఖండ్‌కి అఫ్రాసియాబ్ రైల్లో రెండు గంటల పైచిలుకు. మన నిజాంల పూర్వీకులు ఆ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లే, కానీ నేను చూడ్డానికెళ్లింది మా పిన్ని కూతుర్ని. అక్కడ ఎంబీబీఎస్ నాలుగో ఏడు. రేగిస్తాన్ చౌరస్తాలో ఆ నీలం పలకల మెరుపు కింద కూర్చుని నా సందేహాలన్నీ దాని మీద కుమ్మరించా. అది శాంతంగా వింది.

"అన్నయ్యా, లైబ్రరీ నుంచి రాత్రి పదింటికి ఒక్కదాన్నే నడిచొస్తా. విజయవాడలో పంపిస్తారా నన్ను?"

నా దగ్గర సమాధానం లేదు. ఆ భద్రత నిజం, నేనూ చూశా. నుకుస్ కూడా నిజమే. ఒకటి చూపించి రెండోదాన్ని కొట్టేయడం నాకు చేతకాలేదు. మా నాన్న వీడియోలు అబద్ధమని చెప్దామని వెళ్లా. రోడ్లు నిజంగానే బాగున్నాయి.

వచ్చేముందు వాళ్ల రూమ్‌కెళ్లా, ఆవకాయ ఇవ్వడానికి. దాని మొదటి ఏడాది, 2023 జనవరిలో, విపరీతమైన చలికి గ్యాస్ సరఫరా కుప్పకూలి, కరెంటు కూడా పోయేదట. తాష్కెంట్ మేయర్ ఉద్యోగమే ఊడింది. ఒకప్పుడు గ్యాస్ అమ్మిన ఈ దేశం అదే ఏడు అక్టోబరు నుంచి రష్యా గ్యాస్ కొనుక్కుంటోంది, కజకిస్తాన్ మీదుగా వచ్చే పైపుల్లో. మంచం కింద ఇండక్షన్ స్టవ్ కనిపించింది. మరి కరెంటు పోతే అని అడిగా. పక్కనే ఉన్న అట్టపెట్టె కాలితో ముందుకు తోసింది. అందులో చిన్న సిలిండర్ స్టవ్, రెండు డబ్బాల గ్యాస్, ఒక పవర్ బ్యాంక్, రబ్బరు బ్యాండ్ వేసిన సోమ్‌ల కట్ట.

"అమ్మకి చెప్పకన్నయ్యా, కంగారుపడుద్ది" అంది.