గొంతు ఒకరిది, మొహం ఒకరిది

మార్తా వాష్ అనే నల్లజాతి గాయని పేరు మనలో చాలామంది విని ఉండరు. ఆమె గొంతు మాత్రం వినే ఉంటారు. సీ అండ్ సీ మ్యూజిక్ ఫ్యాక్టరీ వాళ్ళ 'గొన్నా మేక్ యూ స్వెట్' పాటలో గుండె మీద గుద్దినట్టు ఒక ఆడమనిషి కేక వస్తుంది. ఆ కేక ఆమెది. 1990లో వచ్చిన ఆ పాట 1991 ఫిబ్రవరిలో అమెరికాలో మొదటి స్థానానికెక్కింది.

వీడియో చూడండి. రాప్ చెప్పే మగవాడు ఫ్రీడమ్ విలియమ్స్ తన గొంతుతోనే, తన మొహంతోనే ఉంటాడు. ఆడగొంతు వచ్చేసరికి జెల్మా డేవిస్ అనే సన్నని పిల్ల పెదాలు కదుపుతుంది. మార్తా లావు మనిషి. గొంతు పనికొచ్చింది, ఒళ్ళు పనికిరాలేదు. జెల్మాని తిట్టి లాభం లేదు. ఆమే నల్లపిల్లే, సొంతంగా పాడగలిగిన పిల్లే. ఆమెకి ఇంకొకరి గొంతు తగిలించినవాళ్ళు తెరమీదకి రారు.

ఇది ఒక్క పాటతో పోలేదు. ఇటలీ వాళ్ళ బ్లాక్ బాక్స్ గుంపు 1990లో తెచ్చిన 'డ్రీమ్‌లాండ్' ఆల్బంలోనూ చాలా పాటలు మార్తావే. వీడియోల్లో కనపడేది కాట్రిన్ క్వినాల్ అనే ఫ్రెంచి మోడల్. అదే గుంపు 1989లో 'రైడ్ ఆన్ టైమ్' చేసింది. లోలియట్టా హాలోవే 1980లో పాడిన 'లవ్ సెన్సేషన్' లోంచి గొంతు ముక్కలు కోసి అందులో అతికించారు. సాంప్లర్ అనే యంత్రం వచ్చాక అదెంత పని! మనిషిని పిలవక్కర్లేదు, కూలి అడుగుతుందన్న భయం లేదు. అది ఇంగ్లండులో 6 వారాలు నంబర్ వన్‌గా ఉంది. హాలోవే లాయర్లని పెట్టుకున్నాకే డబ్బు కదిలింది.

హిప్‌హాప్‌లో మొదట్నుంచీ ఆడవాళ్ళున్నారు. న్యూయార్కు బ్రాంక్స్‌లో 'ఫంకీ ఫోర్ ప్లస్ వన్' అని ఒక జట్టు ఉండేది. ఆ 'ప్లస్ వన్' షా-రాక్ అనే అమ్మాయి. నలుగురు మగాళ్ళూ లెక్కలోకొచ్చారు, ఈమె కూడికలోకొచ్చింది. 1984లో క్వీన్స్‌బ్రిడ్జ్ సర్కారు ఇళ్ళలో ఉండే 14 ఏళ్ళ పిల్ల, యూటీఎఫ్ఓ అనే మగ జట్టు పాటలో ఆడిపోసుకున్న రోక్సాన్ పేరు తనే పెట్టుకుని ఎదురు పాట కట్టింది. ఆమే రోక్సాన్ షాంటే. ఆ పిల్లంటే నాకు మహా ఇష్టం.

నేను సర్కారు బడి టీచర్ని. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. మార్తా కథ నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. మా అమ్మ నాట్లలో పాట ఎత్తుకునేది, మడి ఆ చివరి ఆడాళ్ళు అందుకునేవాళ్ళు. ఆసామి గట్టు మీద నుంచుని "పాడవే, పాటుంటే పని నడుస్తది" అనేవాడు. నాటుకి కూలి ఇచ్చాడు, పాటకి కాదు. నేను మూడో తరగతిలో ఉండగా ఒకాయన టేపురికార్డరుతో మా మాదిగపల్లెకొచ్చి, అమ్మనీ ఇంకో ఐదుగురు ఆడాళ్ళనీ కూర్చోబెట్టి పూటంతా పాడించుకుపోయాడు. డిగ్రీ చదివేటప్పుడు ఆ పుస్తకం లైబ్రరీలో కనపడింది. అట్ట మీద ఆయన పేరు పెద్దక్షరాల్లో ఉంది. పాటల కింద 'జానపదం' అని ఉంది. జానపదమంటే ఎవరూ పాడలేదనా?

మార్తా ఊరుకోలేదు. కంపెనీల మీద కోర్టుకెళ్ళింది. 1994లో సోనీతో రాజీ కుదిరింది. ఆ వీడియోకి గొంతు ఆమెదనీ, తెరమీద కనపడింది జెల్మా అనీ చెప్పాల్సొచ్చింది. ఆ కేసుల తర్వాత పాడినవాళ్ళ పేర్లు వెయ్యకుండా తప్పించుకోవడం కంపెనీలకి కష్టమైంది.

ఇదంతా అమ్మకి చెప్పాను. "డబ్బులిచ్చారా?" అంది ముందు. ఇచ్చారన్నాను. "కోర్టుకి తోడెవరెళ్ళారంట?" అంది తర్వాత.

ఆ పుస్తకం జిరాక్సు తీయించి తెచ్చుకున్నాను. అమ్మ చదవలేదు. నేను మొదటి చరణం చదివితే, అది ఎవరు ఎత్తుకున్నారో చెబుతుంది. ఆ పేరు 'జానపదం' పక్కన రాస్తున్నాను. మా పల్లె పాటలు 21 ఉన్నాయి. 17 పాటలకి పేర్లొచ్చాయి. మిగిలిన నాలుగూ ఎవరు ఎత్తుకున్నారో అమ్మకి గుర్తు రావడం లేదు. ఆ రోజు ఆమెతో కూర్చున్న ఐదుగురిలో ఇద్దరే బతికున్నారు. ఒకామె హైదరాబాదులో కొడుకు దగ్గరుందట. సెలవులకి వెళ్ళాలి.